ప్రాజెక్టు నిలబడింది, ప్రమోటర్ పడిపోయాడు: ఆల్ఫ్రెడ్ ఎషర్ కేసు

1878 జులై 2న ఆల్ఫ్రెడ్ ఎషర్ స్విట్జర్లాండ్‌లోని గోట్‌హార్డ్ రైల్వే కంపెనీ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఆల్ప్స్ కొండల కింద 15 కిలోమీటర్ల సొరంగం అప్పటికే సగానికి పైగా తవ్వేశారు. ఇంకో నాలుగేళ్లకి అందులో రైళ్లు తిరిగాయి. అంటే ప్రాజెక్టు ఫెయిల్ కాలేదు, దాన్ని మొదలుపెట్టిన మనిషి మాత్రం మధ్యలోనే బయటికి పోయాడు. మేం రోజూ చూసేది దీనికి రివర్స్: ప్రాజెక్టు అటకెక్కుతుంది, ప్రమోటర్ ఇంకో పేరుతో ఇంకో కంపెనీ పెట్టుకుని హాయిగా తిరుగుతుంటాడు.

ఇన్‌ఫ్రా లోన్లకి అప్రైజల్ నోట్లు, అంటే అప్పు ఇవ్వొచ్చా లేదా అని తేల్చే కాగితాలు, రాయడం నా పని. సెక్షన్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకి కాస్ట్ ఓవర్‌రన్ (అంచనా దాటిపోయిన ఖర్చు) గురించి చెప్పాల్సి వస్తే నేను తీసే కేసు ఇదే. విన్నవాళ్లలో ఎక్కువమంది మొదట అనేది ఒకటే: తక్కువకి కోట్ చేసిన కాంట్రాక్టర్ కొంప ముంచాడు, అంతే కదా సార్ అని. అంతే కాదు. కాంట్రాక్టర్ వల్ల వచ్చిన నష్టం ఈ ఫైల్లో రెండో వరసలో ఉంటుంది. మొదటి వరసలో ఉన్నది, ప్రశ్న అడగాల్సిన ప్రతి కుర్చీలోనూ ఎషరే కూర్చుని ఉండటం.

ప్రమోటర్, డబ్బు

1819లో జ్యూరిక్‌లో పుట్టాడు. ఇంటిపేరు పాతది, పెద్దది. పరువు మాత్రం తాత హయాంలోనే పోయింది. ఆయన దివాలా తీసినప్పుడు ఊళ్లో ఎంతోమంది డబ్బు మునిగింది. తండ్రి హైన్రిక్ అమెరికా వెళ్లి వ్యాపారంలో, భూముల్లో బాగా సంపాదించుకుని తిరిగొచ్చి, జ్యూరిక్ సరస్సు ఒడ్డున బెల్‌వార్ అనే పెద్ద బంగళా కట్టించాడు. ఎషర్ పెరిగింది, చనిపోయింది ఆ ఇంట్లోనే.

మా ఫార్మాట్‌లో ‘సోర్స్ ఆఫ్ ఫండ్స్’ అని ఒక కాలమ్ ఉంటుంది. ఎషర్ విషయంలో దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. క్యూబాలో అతని చిన్నాన్న కాఫీ తోట నడిపాడు, అందులో పని చేసింది ఎనభై మందికి పైగా బానిసలు. తమ్ముడు చనిపోయాక 1845లో ఆ తోట హైన్రిక్ చేతికి వచ్చింది, ఆయన దాన్ని అమ్మేశాడు. ఎషర్ బతికున్న రోజుల్లోనే ప్రత్యర్థులు దీన్ని ఎత్తి చూపారు. స్విట్జర్లాండ్‌లో తీరిగ్గా లెక్క తీయడం మాత్రం ఈమధ్యనే మొదలైంది.

లా చదివి 1842లో డాక్టరేట్ తీసుకున్నాడు. తండ్రి డబ్బుంది కాబట్టి జీతం కోసం ఎవరి కింద పని చేయాల్సిన అవసరం లేదు. రాజకీయాల్లో అతని జోరుకి ఇది ఒక కారణమని నా అనుమానం.

ఒక్క మనిషి, అన్ని కుర్చీలు

1844లో జ్యూరిక్ కాంటన్ శాసనసభ. కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిదే, కానీ అధికారాలు చాలా ఎక్కువ. 1848లో స్విట్జర్లాండ్‌కి కొత్త రాజ్యాంగం వచ్చి పార్లమెంటు ఏర్పడగానే దిగువ సభకి ఎన్నికయ్యాడు. అప్పటి నుంచి 1882లో చనిపోయేదాకా, 34 ఏళ్లు ఆ సీటు వదల్లేదు. మధ్యలో మూడుసార్లు సభాధ్యక్షుడిగా కూర్చున్నాడు.

అప్పట్లో స్విట్జర్లాండ్‌లో రైలంటే జ్యూరిక్ నుంచి బాడెన్ దాకా ఉన్న చిన్న ముక్క. ఐరోపా రైళ్లన్నీ మన సరిహద్దుల దాకా వచ్చి, మనల్ని తప్పించుకుని చుట్టూ తిరిగిపోతే ఎవరికీ పట్టని మూలగా మిగిలిపోతామని 1849లోనే ఎషర్ సభలో హెచ్చరించాడు. 1852లో రైల్వే చట్టం వచ్చింది. రైళ్లు ప్రభుత్వం కట్టాలా, ప్రైవేటు కంపెనీలు కట్టాలా అన్న చర్చలో ప్రైవేటు పక్షం గెలిచింది. ఆ పక్షానికి పెద్ద గొంతు ఎషర్‌దే. మరుసటి ఏడాదికల్లా నార్డ్‌ఓస్ట్‌బాన్ అనే ప్రైవేటు రైల్వే కంపెనీకి అతనే అధిపతి.

ఇక్కడి నుంచి గొలుసు చూడండి. రైల్వేకి ఇంజనీర్లు కావాలి. 1854లో ఫెడరల్ పాలిటెక్నిక్ చట్టం వచ్చింది, 1855లో కాలేజీ తెరిచారు. ఇవాళ ప్రపంచమంతా ఈటీహెచ్ జ్యూరిక్ అని పిలిచేది దాన్నే. ఎషర్ దాని పాలకమండలిలో చనిపోయేదాకా ఉపాధ్యక్షుడు. రైల్వేకి పెట్టుబడి కావాలి. విదేశీ బ్యాంకుల దగ్గరికి వెళ్తే వాళ్లు చెప్పిన షరతులకి తలూపాలి. అందుకని 1856 జులైలో సొంత బ్యాంకే పెట్టాడు. ష్వైట్జరిషె క్రెడిట్‌అన్‌స్టాల్ట్, అంటే మనకి తెలిసిన క్రెడిట్ స్విస్. జనానికి 30 లక్షల ఫ్రాంకుల షేర్లు అమ్మకానికి పెడితే మూడు రోజుల్లో 21.8 కోట్ల ఫ్రాంకులకి దరఖాస్తులు వచ్చాయి. 70 రెట్లకు పైగా. ఇప్పటి మన ఐపీఓ పిచ్చి కొత్తదేం కాదు. ఆ బ్యాంకు దన్నుతో 1857లో జీవిత బీమా సంస్థ, అదే ఇప్పటి స్విస్ లైఫ్. 1863లో బీమా కంపెనీలకే బీమా ఇచ్చే స్విస్ రీ పెట్టినవాళ్లలోనూ ఆ బ్యాంకు ఉంది.

ఓ పది, పన్నెండేళ్లలో ఇంత పని జరగడానికి కారణం ఒకటే. ఫైలు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి కదలాల్సిన పని లేదు, అన్ని టేబుళ్లూ అతనివే. దేశం లాభపడింది, అందులో నాకు సందేహం లేదు. కాకపోతే ప్రమోటర్‌కి సంబంధం ఉన్న ఇతర సంస్థల గురించి మేం ‘రిలేటెడ్ పార్టీ’ అని రాసే కాలమ్ ఇతని ఫైల్లో రాయాలంటే విడిగా ఇంకో కాగితం అతికించాలి.

జనం కూడా గమనించారు. ఎషర్ వ్యవస్థ అని దానికో పేరే పెట్టారు. 1860ల చివర్లో ఫ్రీడ్రిక్ లోకర్ అనే వకీలు కరపత్రాల మీద కరపత్రాలు రాసి జ్యూరిక్ పాలకవర్గాన్ని ఉతికి ఆరేశాడు. డెమొక్రటిక్ ఉద్యమం లేచింది. 1869లో కాంటన్‌కి కొత్త రాజ్యాంగం వచ్చింది, చట్టాల మీద జనం నేరుగా ఓటేసే హక్కు అందులో పెట్టారు. చిన్న రైతుకి, చేతివృత్తులవాడికి అప్పు పుట్టాలని 1870లో కాంటన్ తరఫున వేరే బ్యాంకు పెట్టారు. అతని బ్యాంకు మా కోసం కాదు అన్న కోపం అందులో కనిపిస్తుంది. ఎషర్ చేతిలోంచి కాంటన్ రాజకీయం జారిపోయింది. ఫెడరల్ పార్లమెంటులో సీటు, బ్యాంకు, రైల్వే మిగిలాయి. గోట్‌హార్డ్‌లో దిగింది ఈ స్థితిలోనే.

ఫైనాన్షియల్ క్లోజర్: డబ్బంతా కుదరడం

ఆల్ప్స్ దాటి ఇటలీకి రైలు ఎటు నుంచి వేయాలన్నది కాంటన్ల మధ్య పెద్ద పేచీ. ఎషర్ మొదట తూర్పున లుక్‌మానియర్ దారి అన్నాడు, 1860లలో గోట్‌హార్డ్ వైపు తిరిగాడు. 1869లో ఇటలీతో ఒప్పందం కుదిరింది. జర్మనీ ఏకమయ్యాక 1871లో అదీ వచ్చి చేరింది. ఆ ఏడాది చివర్లో కంపెనీ పుట్టింది, అధ్యక్షుడు ఎషర్.

మొత్తం అంచనా 18.7 కోట్ల ఫ్రాంకులు. ఇందులో 8.5 కోట్లు తిరిగి ఇవ్వనక్కర్లేని గ్రాంటు: ఇటలీ 4.5 కోట్లు, జర్మనీ 2 కోట్లు, స్విట్జర్లాండ్ 2 కోట్లు. మిగతాది 3.4 కోట్ల షేర్లు, 6.8 కోట్ల బాండ్లు. మన హైదరాబాద్ మెట్రోకి కేంద్రం ఇచ్చిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ కూడా ఈ కోవలోదే. లాభసాటి కాని ప్రాజెక్టుకి ప్రభుత్వం ముందే కొంత డబ్బు పెడితే, మిగతాది మార్కెట్టు నుంచి వస్తుంది.

కాగితం మీద చక్కటి స్ట్రక్చర్. ఈక్విటీ, అప్పు రేషియో 1:2, పైన దాదాపు 45 శాతం గ్రాంటు. ఇవాళ నా టేబుల్ మీదికి వచ్చినా ఆ పేజీలో నేను ఎర్ర ఇంకు పెట్టను. షేర్లు, బాండ్లు కొనడానికి కుదిరిన కన్సార్షియంలో జర్మన్, ఇటాలియన్, స్విస్ బృందాలున్నాయి. స్విస్ బృందానికి నాయకత్వం క్రెడిట్‌అన్‌స్టాల్ట్‌ది. దాని ఛైర్మన్ ఎషర్. అప్పు తీసుకునే కంపెనీ అధ్యక్షుడూ అతనే. గ్రాంటు మీద ఓటేసే పార్లమెంటులో సభ్యుడూ అతనే. అతను తన జేబులో వేసుకున్నాడని నేను అనడం లేదు, అలాంటి రుజువేదీ లేదు. కానీ అంచనా తప్పేమో అని అడగడం ఎవరి ఉద్యోగం?

ఆ అంచనా 1860ల మధ్యలో వేసింది. సొరంగం మీద బుర్రలు బద్దలు కొట్టుకున్నారు గానీ, సొరంగానికి రెండు వైపులా కొండలెక్కి దిగే లైన్ల మీద వివరమైన సర్వే లేదు. డీపీఆర్‌లో (ప్రాజెక్టు వివరాల నివేదికలో) ముఖ్యమైన ఐటమ్‌కి డ్రాయింగులన్నీ పెట్టి, మిగతావాటికి లంప్‌సమ్ వేసేయడం మన దగ్గరా చూస్తూనే ఉంటాం.

టెండరు

సొరంగం పనికి గట్టి పోటీదారులు ఇద్దరు మిగిలారు. ఒకరు ఇటలీ వాళ్లు, నాయకుడు గ్రాటోనీ. 12 కిలోమీటర్లకు పైగా ఉన్న మాంట్ సెనిస్ సొరంగం తవ్వించిన ఇంజనీరు. ‘సిమిలర్ వర్క్స్’ అర్హతలో వంకే లేదు. రెండో మనిషి జెనీవా దగ్గరి లూయీ ఫావ్ర్. వడ్రంగిగా మొదలై కాంట్రాక్టరుగా ఎదిగినవాడు, ఇంత పెద్ద సొరంగం ఎన్నడూ ముట్టనివాడు. ఫావ్ర్ రేటూ తక్కువే, గడువూ తక్కువే. మా భాషలో ఎల్1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడు, అతనే. 1872 ఆగస్టు 7న కాంట్రాక్టు అతని చేతికొచ్చింది.

షరతులు చదివితే గుండె దడ పుడుతుంది. ఎనిమిదేళ్లలో పూర్తి చేయాలి. 80 లక్షల ఫ్రాంకులు డిపాజిట్. గడువు దాటితే మొదటి ఆరు నెలలు రోజుకి 5,000 ఫ్రాంకులు పెనాల్టీ, ఆ తర్వాత రోజుకి 10,000. ఏడాది దాటితే డిపాజిట్ మొత్తం జప్తు. ముందే పూర్తి చేస్తే రోజుకి 5,000 బోనస్. లెక్కేస్తే ఏడాది లేటుకి పెనాల్టీలు సుమారు 27 లక్షలు, పైన 80 లక్షలు. కొండ లోపల ఏముందో ఇద్దరికీ తెలియదు. తెలియనితనం బరువంతా మాత్రం ఒక్కడి నెత్తిన పెట్టారు.

ఇలాంటి కాంట్రాక్టు చూసి బ్యాంకులు మురిసిపోతాయి. ఫిక్స్‌డ్ ప్రైస్, భారీ ఎల్‌డీ క్లాజు (ఆలస్యానికి పెనాల్టీ షరతు), ఇంకేం కావాలి అని. నాకెప్పుడూ భయమే. కాంట్రాక్టర్ మోయలేని రిస్కు కాంట్రాక్టర్ దగ్గర ఉండదు, అతను పడిపోయిన రోజున చుట్టూ తిరిగి యజమాని దగ్గరికే వస్తుంది. మధ్యలో ఆ బరువు కూలీల మీద పడుతుంది. సొరంగానికి ఉత్తరపు కొస గోషెనెన్ వైపు, దక్షిణపు కొస ఐరోలో వైపు పని చేసింది ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కూలీలు. డైనమైట్ పొగ, ముప్ఫై డిగ్రీలు దాటిన వేడి, గాలి ఆడని ఇరుకు, మోకాళ్ల దాకా నీళ్లు. మరుగుదొడ్లు లేక కొంకిపురుగు వ్యాధి వందలమందికి అంటుకుంది. 1880లో టూరిన్‌కి చెందిన పెర్రొన్‌చీతో అనే శాస్త్రవేత్త దాని గుట్టు పట్టాడు. 1875 జులైలో గోషెనెన్‌లో సమ్మె చేస్తే కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. పని పూర్తయ్యేసరికి ప్రమాదాల్లో పోయినవాళ్లు అధికారిక లెక్క ప్రకారమే 199 మంది. జబ్బుపడి ఇంటికెళ్లి చనిపోయినవాళ్లు ఈ లెక్కలో లేరు.

10.2 కోట్ల లోటు

దెబ్బ సొరంగం నుంచి రాలేదు. ఒప్పందం ప్రకారం దక్షిణాన టిచీనో లోయలోని లైన్లు ముందు తెరవాలి. వివరమైన డిజైన్లు లేకుండానే హడావిడిగా కట్టి 1874 డిసెంబరులో తెరిచారు. ఖర్చు అంచనాని ఎక్కడో దాటేసింది. జర్మనీ, ఫ్రాన్స్ యుద్ధం తర్వాత కూలి రేట్లు, ఇనుము ధరలు ఎగబాకాయి. 1873లో ఐరోపా మార్కెట్లు కుప్పకూలాయి. చీఫ్ ఇంజనీరు గెర్విగ్ 1875లో వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చిన హెల్‌వాగ్ మొత్తం లెక్క మళ్లీ కట్టాడు.

1876 మొదట్లో ఆ లెక్క బయటపడింది. కావాల్సింది 28.9 కోట్లు. చేతిలో ఉన్న ప్లాను 18.7 కోట్లది. లోటు 10.2 కోట్లు, అంటే 55 శాతం ఓవర్‌రన్. ఇందులో పెద్ద వాటా బయటి లైన్లదే. ఫావ్ర్ మాత్రం తన రేటుకే కట్టుబడి ఉన్నాడు!

కంపెనీ షేరు కూలింది. ఆ షేర్లు, బాండ్లు పట్టుకున్న బ్యాంకులు ఊగాయి. అదే సమయంలో నార్డ్‌ఓస్ట్‌బాన్‌ కూడా అప్పుల్లో కూరుకుపోయింది. ఎషర్ స్థాపించిన మూడు సంస్థలకీ ఒకేసారి జ్వరం వచ్చింది, ఎందుకంటే మూడింటి రక్తం ఒకటే. 1877లో బ్యాంకు ఛైర్మన్ పదవి వదులుకున్నాడు.

ఇక్కడ హెల్‌వాగ్ గురించి ఒక మాట. చెడ్డ వార్త మోసుకొచ్చినవాడిగా చరిత్రలో అతనికి పెద్దగా మర్యాద దక్కలేదు. నా దృష్టిలో ఈ ఫైలు మొత్తంలో సరైన పని చేసిన మనిషి అతనే. పని సగంలో ఉండగా పూర్తి ఖర్చు ఒకేసారి బయటపెట్టడం చాలా కష్టం. మామూలుగా జరిగేదేమిటంటే ఏడాదికో పది శాతం చొప్పున రివైజ్డ్ ఎస్టిమేట్లు వస్తాయి, ఎవరికీ నొప్పి తెలియదు, చివరికి అంతకు రెండింతలవుతుంది. హెల్‌వాగ్ ఒక్కసారే చెప్పేశాడు. అలా చెప్పాడు కాబట్టే రీస్ట్రక్చరింగ్, అంటే డబ్బు ప్లాను మళ్లీ సర్దుకోవడం, కుదిరింది.

ఆ రీస్ట్రక్చరింగ్ కూడా పాఠ్యపుస్తకంలో పెట్టుకునేట్టుంటుంది. 1877 జూన్‌లో లూసర్న్‌లో మూడు దేశాలూ కూర్చుని, డబ్బు పెంచే ముందు పని తగ్గించాయి. సొరంగానికి చేరే లైన్లు ప్రస్తుతానికి ఒకే ట్రాకు. ఉత్తరాన లూసర్న్, జుగ్ వైపు లైన్లు వాయిదా. దక్షిణాన మాంటె చెనెరి లైనూ వాయిదా. దాంతో 10.2 కోట్ల లోటు 4 కోట్లకి దిగింది. ఇటలీ కోటి, జర్మనీ కోటి, స్విట్జర్లాండ్ 80 లక్షలు అదనపు గ్రాంటు, మిగతా 1.2 కోట్లు కంపెనీ తెచ్చుకోవాలి. చెనెరి లైను తర్వాత విడిగా డబ్బు దొరికి 1882లోనే పూర్తయింది.

మరి 4 కోట్లకి దారి దొరికినప్పుడు ఎషర్ ఎందుకు పోవాల్సి వచ్చింది? స్విస్ వాటాకి పార్లమెంటు ఒప్పుకోవాలి, ఆ తర్వాత జనం ఓటేసే ప్రమాదం కూడా ఉంది. గోట్‌హార్డ్ వల్ల ఏ లాభమూ లేని పడమటి కాంటన్లు మండిపడుతున్నాయి. పాతికేళ్లుగా ఎషర్ మీద పేరుకున్న కోపమంతా ఈ ఒక్క బిల్లు మీదికి వచ్చింది. అతను కుర్చీలో ఉంటే బిల్లు గట్టెక్కదు. ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఒత్తిడి వచ్చింది, అతను తప్పుకున్నాడు. ఆగస్టులో పార్లమెంటు ఒప్పుకుంది. 1879 జనవరి 19న జనం ఓటు, 70 శాతానికి పైగా అవును అన్నారు.

1850లలో ఏ గుణమైతే పని పరుగెత్తించిందో, 1878లో అదే అతని మీదికి తిరిగింది. ఒక స్వతంత్ర బోర్డు, వేరే ఛైర్మన్ ఉన్న బ్యాంకు ఉండుంటే తప్పు పదిమంది మధ్య పంచుకునేవాళ్లు. అన్ని కుర్చీలూ ఒక్కడివే అయినప్పుడు తప్పు పంచుకోవడానికి రెండో మనిషి దొరకడు.

తర్వాత

ఫావ్ర్ 1879 జులై 19న సొరంగంలోనే, పని చూడ్డానికి వెళ్లి, గుండె ఆగి చనిపోయాడు. 1880 ఫిబ్రవరి చివర్లో రెండు వైపుల వాళ్లూ కలుసుకున్నారు. డ్రిల్లు పొడిచిన మొదటి రంధ్రంలోంచి ఇటు నుంచి అటు పంపింది ఒక చిన్న డబ్బాలో పెట్టిన ఫావ్ర్ ఫొటో. రెండు సొరంగాల మధ్య తేడా పక్కకి 33 సెంటీమీటర్లు, ఎత్తులో 5. కంప్యూటర్ల మాట అటుంచి, కొండ మీద నిలబడి కొలిచిన కొలతలతో!

మిగిలిన పని ఆలస్యమైంది. ఆండర్‌మాట్ కింద ఒకచోట మట్టి ఉబ్బి, కట్టిన రాతి గోడల్ని మళ్లీ మళ్లీ పిండి చేసింది. 1880లో ముగిసిన గడువు దాటి, 1882 జనవరికి గానీ సొరంగంలో రైలు తిరగలేదు. పెనాల్టీ క్లాజు ఫావ్ర్ సంస్థని మింగేసింది. డిపాజిట్ పోయింది. అతని కూతురికి తర్వాత రైల్వే కంపెనీయే పెన్షన్ ఇచ్చింది.

రెండు వైపులా తవ్వకం కలిసిన రోజున జరిపిన వేడుకకి ఎషర్‌ని పిలవలేదు. 1882 మే ప్రారంభోత్సవానికి పిలిచారు, ఆరోగ్యం బాగాలేక వెళ్లలేదు. 1880లో బ్యాంకు ఛైర్మన్‌గా తిరిగొచ్చాడు, ఆ పదవిలో ఉండగానే 1882 డిసెంబరు 6న చనిపోయాడు. 1889లో జ్యూరిక్ రైల్వే స్టేషను ముందు విగ్రహం పెట్టారు. ఆస్తికి వారసురాలు కూతురు లిడియా. అందులో పెద్ద భాగంతో 1890లో స్విస్ చిత్రకళ కోసం ఒక ఫౌండేషన్ పెట్టింది, మరుసటి ఏడాది ఆత్మహత్య చేసుకుంది. బ్యాంకు మాత్రం 167 ఏళ్లు బతికి 2023 మార్చిలో ఒక్క వారాంతంలో యూబీఎస్ అనే ఇంకో స్విస్ బ్యాంకు చేతికి 300 కోట్ల ఫ్రాంకులకి పోయింది.

ఈ కేసు ఇవాళ నా టేబుల్ మీదికి వస్తే శాంక్షన్ చేస్తానా? చేస్తాను, మూడు షరతుల మీద. అప్పిచ్చే బ్యాంకు ఛైర్మన్, తీసుకునే కంపెనీ అధ్యక్షుడు ఒకే మనిషి కాకూడదు. బయటి లైన్లకి వివరమైన సర్వే అయ్యేదాకా బాండ్ల డబ్బు పూర్తిగా విడుదల చేయకూడదు. కొండ లోపలి రిస్కుకి కాంట్రాక్టులో ఒక పరిమితి ఉండాలి, దాని పైన యజమాని భరించాలి.

నాలుగో విషయం నేను కూడా అప్పట్లో పట్టుకుని ఉండేవాణ్ణి కాదేమో. అది గ్రాంటు కాగితంలో ఉంది. రైల్వే మంచి లాభాల్లో నడిచింది, 1909లో స్విస్ ప్రభుత్వం దాన్ని తీసుకుంది. వెంటనే జర్మనీ, ఇటలీ వచ్చి, మేం కోట్లు పోసింది కంపెనీకి, ఇప్పుడు యజమాని మారాడు, మా హక్కుల సంగతేంటి అన్నాయి. కొత్త ఒప్పందంలో సరుకు రవాణా రేట్ల మీద స్విట్జర్లాండ్ వాటికి రాయితీలు ఇవ్వాల్సి వచ్చింది. మన రైలు మీద పక్క దేశాల పెత్తనమేంటని దేశమంతా గొడవ. లక్షమందికి పైగా సంతకాలు పెట్టినా 1913లో పార్లమెంటు ఒప్పందాన్ని ఖాయం చేసింది. ఆ కోపం చల్లారలేదు. దీర్ఘకాలిక విదేశీ ఒప్పందాల మీద జనం ఓటు కోరే హక్కు 1921లో స్విస్ రాజ్యాంగంలోకి వచ్చింది ఈ గొడవ నుంచే.